లజ్ మూల దగ్గర దొరికిన జిరాక్సు బైండు, అందులో పెన్సిలుతో రాసిన ఒక పెద్ద సంఖ్య

మైలాపూరు పద్దులమ్మ
శనివారం, రాత్రి 9.10

మన చెన్నై లజ్ మూల దగ్గర పాత పుస్తకాల కుప్పలో ఇవాళ ఒక జిరాక్సు బైండు దొరికింది. నలభై రూపాయలు. పై అట్ట ఖాళీ. లోపల ఇంగ్లీషులో గణితం. మొదటి పేజీలో ఎస్. రామానుజన్ అనే పేరు, 1915 అనే సంవత్సరం ఉన్నాయి. అందులో పది వాక్యాలు కూడా నాకు అర్థం కావు. అయినా ఎందుకు కొన్నానంటే, మధ్యలో ఒక పొడవాటి పట్టిక ఉంది. ముప్పై ఏళ్లుగా పద్దులు రాసే చేయి నాది, అంకెల వరుస కనిపిస్తే వదిలి రాలేను.

ఆ పట్టికలో రెండు వరుసల మధ్య ఎవరో పెన్సిలుతో చిన్న బాణం గుర్తు వేసి ఒక సంఖ్య రాశారు. అదీ తెలుగు అంకెల్లో! పక్కనే సున్న చుట్టి ౨౧ (21) అని ఉంది. నేను చదివినంతవరకు ఆ సంఖ్య 293318925600. దానికి పైన అచ్చులో ఉన్నది 240940299600, కింద ఉన్నది 321253732800. పట్టిక చివర కూడా ఏదో గీత ఉంది కానీ అది జిరాక్సు మచ్చ కావచ్చు.

ఇది ఏమిటో ఎవరికైనా తెలుసా? నిద్ర పట్టేలా లేదు.

తరమణి రాత్రి షిఫ్టు
శనివారం, రాత్రి 10.25

అక్కా, షిఫ్టు మొదలయ్యే ముందు ఒకసారి విడదీసి చూశాను. మీరు ఇచ్చిన సంఖ్యలో ఐదు రెండ్లు, ఒక మూడు, రెండు ఐదులు వచ్చాయి. ఆ తరువాత 122216219 అని తొమ్మిదంకెల ముద్ద మిగిలింది. అసలు సంఖ్య 7తో పోదు, 11తో పోదు, 13తో పోదు. పై వరుస, కింది వరుస మాత్రం 23 దాకా ఉన్న చిన్న ప్రధాన సంఖ్యలుగా ముక్కముక్కలైపోతున్నాయి. పెళ్లి పంక్తిలో పిలవని అతిథి కూర్చున్నట్టు మధ్యలో మీ పెన్సిలు సంఖ్య ఒక్కటే తేడాగా ఉంది.

రాయపురం రైలు
శనివారం, రాత్రి 10.40

రామానుజన్ పేరు వచ్చింది కాబట్టి ముందే చెబుతున్నాను. ఎవరైనా టాక్సీ కథ, 1729 తీసుకొస్తే నేను ఈ చర్చ నుంచి దిగిపోతాను. వంద సార్లు విన్నాం.

అరసున్న
ఆదివారం, ఉదయం 6.15

పద్దులమ్మ గారూ, ఆ పేజీ ఫొటో పెట్టండి. పెన్సిలు వెలిసిపోతే తెలుగు ౬, ౯ ఒకదానిలా ఒకటి కనిపిస్తాయి. పాత తామ్రశాసనాల నకళ్లు చదివేవాళ్లు కూడా అక్కడ తడబడతారు. మీరు రాసిన తొమ్మిదుల్లో ఒకటి ఆరేమో అని నా అనుమానం.

మైలాపూరు పద్దులమ్మ
ఆదివారం, ఉదయం 7.05

ఫొటో పెట్టాను. కళ్లద్దాలు మార్చి నేనూ మళ్లీ చూశాను. లక్షల స్థానంలో ఉన్నది ౬. ఒక్క అంకె! ఆఫీసులో ఎవరైనా ఇలా చేస్తే వోచరు వెనక్కి విసిరేసేదాన్ని. అసలు రాత ఇది:

౨౯౩౩౧౮౬౨౫౬౦౦

అంటే 293318625600. మన లెక్కలో 29,331 కోట్ల 86 లక్షల 25 వేల 600.

తరమణి రాత్రి షిఫ్టు
ఆదివారం, ఉదయం 7.30

ఇప్పుడు చూడండి.

2⁶ × 3⁴ × 5² × 7² × 11 × 13 × 17 × 19

ముద్ద లేదు, మిగులు లేదు. మొత్తం కారణాంకాలు 5040. పై వరుసకు 4800, కింది వరుసకు 5376. అంటే పెన్సిలు మనిషి సరిగ్గా మెట్టు ఉండవలసిన చోటే మెట్టు వేశాడు. రాత్రంతా పని చేసి వచ్చాను, నిద్రపోతాను. మిగతాది మాస్టారు చూసుకుంటారు.

కొళత్తూరు కోమలి
ఆదివారం, ఉదయం 9.20

మా అమ్మాయి ఏడో తరగతి. ఇడ్లీ తింటూ ఇదంతా చదివి, “5040 కారణాంకాలను ఎవరు కూర్చుని లెక్కపెట్టారు?” అని అడుగుతోంది. నా దగ్గర జవాబు లేదు. మాస్టారూ, దయచేసి దానికి అర్థమయ్యేలా చెప్పండి.

పెరంబూరు మాస్టారు
ఆదివారం, ఉదయం 11.00

పాపకు నా ఆశీస్సులు. లెక్కపెట్టనవసరం లేదమ్మా. 72ను తీసుకో. అది 2³ × 3². దాని కారణాంకం ఏదైనా సరే అందులో ఉండగలిగినవి కొన్ని రెండ్లు, కొన్ని మూళ్లు మాత్రమే. రెండ్లు అసలు లేకపోవచ్చు, లేదా ఒకటి, రెండు, మూడు ఉండవచ్చు. అంటే నాలుగు దారులు. మూళ్లకు అలాగే మూడు దారులు. నాలుగు మూళ్లు పన్నెండు. 72కు కారణాంకాలు పన్నెండు. ప్రతి ఘాతాంకానికీ ఒకటి కలిపి, వచ్చినవన్నీ గుణించాలి. అంతే సూత్రం. మన సంఖ్యకు 7 × 5 × 3 × 3, ఆపైన నాలుగు రెండ్లు. 315ను 16తో గుణిస్తే 5040.

ఇక పట్టిక సంగతి. తనకంటే చిన్నదైన ఏ సంఖ్యకూ లేనన్ని కారణాంకాలు ఒక సంఖ్యకు ఉంటే, రామానుజన్ దానికి ఒక పేరు పెట్టాడు. మనం అతిసంయుక్త సంఖ్య అనుకుందాం. 2, 4, 6, 12, 24, 36, 48, 60, 120 ఇలా నడుస్తాయి. 18 ఎందుకు లేదు? 18 అంటే 2 × 3². రెండుకూ మూడుకూ ఘాతాంకాలు తారుమారు చేస్తే 12 వస్తుంది. కారణాంకాలు రెండింటికీ ఆరే. అదే సరుకు తక్కువ ధరకు దొరుకుతుంటే ఎక్కువ పెట్టి ఎవరు కొంటారు? అందుకే ఈ వరుసలోని సంఖ్యల్లో ఘాతాంకాలు ఎప్పుడూ పెరగవు. రెండుకు అన్నిటికంటే ఎక్కువ ఉంటుంది, తరువాతి వాటికి అంతే లేదా అంతకంటే తక్కువ. చివరి ప్రధాన సంఖ్య ఒక్కసారే వస్తుంది. 4, 36 మాత్రమే దీనికి మినహాయింపు. ఇది కూడా ఆయన నిరూపించినదే. మన సంఖ్య ఘాతాంకాలు చూడండి: 6, 4, 2, 2, 1, 1, 1, 1. మెట్లు దిగుతున్నట్టే ఉన్నాయి.

ఊరికే వచ్చాను
ఆదివారం, మధ్యాహ్నం 1.45

తప్పుగా అనుకోకండి. ఇంత పెద్ద సంఖ్యకు ఎన్ని కారణాంకాలు ఉంటే ఎవరికి ఏమి ఒరుగుతుంది?

రాయపురం రైలు
ఆదివారం, మధ్యాహ్నం 2.10

మీ గడియారంలో గంటకు 60 నిమిషాలు ఎందుకు ఉన్నాయో ఆలోచించండి. వంద ఉండి ఉంటే గంటలో మూడో వంతు ఎంత అని అడిగినప్పుడల్లా మిగులు గొడవ. 60ను సగం, మూడో వంతు, పావు, ఐదో వంతు, ఆరో వంతు చేసినా తెగదు. ఎక్కువగా పంచుకోగల సంఖ్య కావాలన్న కోరిక చాలా పాతది. ప్లేటో తన ఆదర్శ నగరానికి సరిగ్గా 5040 ఇళ్లు ఉండాలన్నాడు. ఒకటి నుంచి పది వరకు దేనితోనైనా భాగించవచ్చని, 59 భాగాలు చేయవచ్చని ఆయన లెక్క. తనను తాను కలుపుకుంటే 60. ఆ 5040 కూడా మాస్టారి వరుసలోదే. ఇప్పుడు చూడండి, మన పెన్సిలు సంఖ్యకు కారణాంకాలు 5040. ఆ 5040కి కారణాంకాలు 60. ఆ 60కి 12. ఆ 12కి 6. నాలుగు మెట్లు దిగినా అన్నీ అతిసంయుక్త సంఖ్యలే.

ఇందులో ఉపయోగం ఏమీ లేదు. కానీ మీరు ఊరికే వచ్చారు కదా, ఊరికే చూడండి.

కొళత్తూరు కోమలి
ఆదివారం, సాయంత్రం 5.30

మా అమ్మాయి మధ్యాహ్నమంతా కాగితాలు చింపింది. దాని నివేదిక ఇది. ఒకటి నుంచి 22 వరకు ప్రతి సంఖ్యా దీన్ని నిశ్శేషంగా భాగిస్తుంది. మొదట ఆగేది 23 దగ్గర. నూరు వరకు చూస్తే 72 సంఖ్యలు భాగిస్తాయి, 28 భాగించవు. 1 నుంచి 22 దాకా అన్నిటికీ క.సా.గు. 232792560 అట, దాన్ని 1260తో గుణిస్తే మన సంఖ్య. 1260 కూడా మాస్టారు చెప్పిన వరుసలో ఉందని ఇప్పుడే కనిపెట్టి గెంతుతోంది.

ఇన్ని సెకన్లు అయితే ఎంత కాలం అని నేను అడిగాను. రోజులు చేస్తే 33,94,891న్నర వచ్చాయి. సుమారు 9295 ఏళ్లు. ఆ అరరోజు ఎందుకు మిగిలిందో దానికి కోపంగా ఉంది. ఇన్ని వేల సంఖ్యలతో భాగించబడేది రోజుకున్న 86,400 సెకన్లతో ఎందుకు పోదు?

పెరంబూరు మాస్టారు
ఆదివారం, సాయంత్రం 6.05

86,400లో ఏడు రెండ్లు ఉన్నాయి తల్లీ. మన దానిలో ఆరే. ఆ ఒక్క రెండు లేక అరరోజు మిగిలింది. ఎంత గొప్ప సంఖ్యకైనా 128 దగ్గర చేయి అందలేదు. అలాగే నువ్వు చేసిన 28 సంఖ్యల జాబితా మళ్లీ చూడు. వాటిలో ప్రతిదానిలోనూ 23 గానీ అంతకంటే పెద్ద ప్రధాన సంఖ్య గానీ దాగి ఉంటుంది.

అరసున్న
ఆదివారం, రాత్రి 8.20

గణితం నాకు రాదు, పేర్లు వచ్చు. మనం కోటి దగ్గర ఆగిపోయి ‘ఇరవై తొమ్మిది వేల కోట్లు’ అని అతుకులు వేస్తున్నాం. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు ఇరవై నాలుగు స్థానాలకు పేర్లు ఇచ్చాడు. కోటి తరువాత దశకోటి, శతకోటి, అర్బుదం, న్యర్బుదం, ఖర్వం అలా మహాక్షోభం దాకా. ఆయన గణితాన్నే మన పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆ లెక్కన మన సంఖ్య పన్నెండు స్థానాలది. రెండు న్యర్బుదాలు, తొమ్మిది అర్బుదాలు, మూడు శతకోట్లు, మూడు దశకోట్లు, ఒక కోటి, ఎనభై ఆరు లక్షల ఇరవై అయిదు వేల ఆరు వందలు. పలికి చూడండి, ఎంత నిండుగా ఉందో. తెలుగు అంకెల్లో రాసిన ఆ పెన్సిలు చేతికి ఈ పేర్లు తెలిసే ఉంటాయని నాకు ఎందుకో అనిపిస్తోంది.

పెరంబూరు మాస్టారు
సోమవారం, ఉదయం 6.40

రాత్రి నా దగ్గరున్న ప్రతితో సరిచూశాను. పద్దులమ్మ గారికి దొరికింది లండన్ మేథమేటికల్ సొసైటీ పత్రికలో 1915లో వచ్చిన వ్యాసం. పట్టికలో 102 సంఖ్యలు ఉన్నాయి, చివరిది 6746328388800. ఆ పరిధిలో ఉండవలసినవి 103. లేనిది ఒకే ఒక్కటి, మీ పెన్సిలు సంఖ్య. రామానుజన్ పట్టికలో జారిపోయిన సంఖ్య అదే. గణితజ్ఞులకు ఇది తెలిసిన విషయమే. కానీ లజ్ మూలలో జిరాక్సు కాగితం మీద తెలుగు అంకెల్లో కనిపిస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

ఊరికే వచ్చాను
సోమవారం, ఉదయం 8.00

అంటే రామానుజన్ తప్పు చేశాడా?

రాయపురం రైలు
సోమవారం, ఉదయం 8.50

ఆ మాట వాడేముందు ఒకసారి ఆలోచించండి. 1912లో ఇక్కడి పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తా. 1914 మార్చిలో ఇంగ్లండుకు ఓడ ఎక్కాడు. మరుసటి ఏడాదికే ఈ వ్యాసం. కంప్యూటర్ లేదు, క్యాలిక్యులేటర్ లేదు. పన్నెండు, పదమూడు అంకెల సంఖ్యలు చేత్తో గుణించి వరుసలో పేర్చాడు. 103లో 102 పట్టాడు. 1916లో కేంబ్రిడ్జి ఆయనకు బి.ఏ. పట్టా ఇచ్చింది ఈ పని మీదే. మా రాయపురంలో ఆయన పేరిట చిన్న మ్యూజియం ఉంది. పిల్లలను తీసుకెళ్లండి, అక్కడ కాగితాలు చూస్తే ఈ ప్రశ్న అడగాలనిపించదు.

పెరంబూరు మాస్టారు
సోమవారం, ఉదయం 9.15

రైలు గారూ, ప్రశ్న అడగనివ్వండి. జారింది జారిందే. జారిందని చెప్పుకుంటే ఆయనకు పోయేదేమీ లేదు.

పోర్టు గుమాస్తా ఉద్యోగానికి ముందు సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను, మా ఊరి గొప్ప అనుకున్నా సరే. ఆయనకు నెలకు 25 రూపాయలు ఇచ్చి నిలబెట్టినది మా నెల్లూరు కలెక్టర్ ఆర్. రామచంద్రరావు. అంతకు చాలా ముందు, 1905లో ఇంట్లో చెప్పకుండా రామానుజన్ వెళ్లిపోయింది విశాఖపట్నానికి. మనవాళ్లు ఈ రెండూ మరచిపోతుంటారు.

మైలాపూరు పద్దులమ్మ
సోమవారం, మధ్యాహ్నం 1.30

అందరికీ దండాలు. భోజనం డబ్బా ముందు పెట్టుకుని రాస్తున్నాను. ఆ ౨౧ సంగతి ఎవరూ తేల్చలేదు. సున్న చుట్టి మరీ రాశారు. ఏమీ లేకుండా అలా రాయరు.

కొళత్తూరు కోమలి
సోమవారం, మధ్యాహ్నం 2.00

మా అమ్మాయి లెక్కలో 22 వచ్చింది, 21 కాదు. లేకపోతే అతికినట్టే ఉండేది.

రాయపురం రైలు
సోమవారం, మధ్యాహ్నం 2.20

పుట సంఖ్య అయి ఉంటుంది. లేదా తేదీ. లేదా ఆ రోజు టీ కొట్టు బాకీ.

తరమణి రాత్రి షిఫ్టు
సోమవారం, సాయంత్రం 4.45

ఘాతాంకాలన్నీ కూడితే 18. అంకెలన్నీ కూడితే 45. 21 ఎక్కడా రావడం లేదు.

పెరంబూరు మాస్టారు
సోమవారం, సాయంత్రం 6.30

పద్దులమ్మ గారూ, మీ పట్టికలో కొన్ని సంఖ్యల పక్కన చుక్క గుర్తు (*) ఉంటుంది చూడండి. రామానుజన్ వాటిని శ్రేష్ఠమైనవిగా విడిగా గుర్తించాడు. మన పెన్సిలు సంఖ్యకు కింద ఉన్న 321253732800కి ఆ గుర్తు ఉండాలి. దానికి ముందు ఆ గుర్తు ఏ సంఖ్యకు ఉందో చూసి, రెండింటినీ పద్దు వేసినట్టు వేయండి. నేను చెప్పను.

మైలాపూరు పద్దులమ్మ
సోమవారం, రాత్రి 10.50

మాస్టారూ! దొరికింది!

ముందున్న చుక్క సంఖ్య 13967553600. దానికి 2688 కారణాంకాలు. కింది చుక్క సంఖ్యను దీనితో భాగిస్తే సరిగ్గా 23. పెన్సిలు సంఖ్యను భాగిస్తే సరిగ్గా 21! చేతులు వణికాయి.

అక్కడితో ఆగలేదు. పై వరుస 240940299600ను కూడా భాగించాను, పదిహేడుంపావు వచ్చింది. అంటే పదిహేడుంపావుకూ 23కూ మధ్య ఏ గుణకం పెడితే ఏమవుతుందో చూడాలి. మాస్టారు చెప్పిన సూత్రంతో పద్దు వేశాను. 18 పెడితే 4608. 19 పెడితే 4032. 20 పెడితే మళ్లీ 4608. 22 పెట్టినా 4608! మూడు చోట్ల అదే అంకె వస్తే ఎక్కడో పొరబడ్డానని రెండు సార్లు తిరగేశాను. లేదు, మూడూ నిజమే. ఒక్క 21 దగ్గర 5040. ఎందుకంటే 21లో ఒక 3, ఒక 7 ఉన్నాయి. మూళ్లు మూడు నుంచి నాలుగు, ఏళ్లు ఒకటి నుంచి రెండు అవుతాయి. 2688ను అయిదుంబావుతో… కాదు, అయిదు బై నాలుగుతో, తరువాత ఒకటిన్నరతో గుణిస్తే 5040.

పెన్సిలు మనిషి చెప్పింది ఇదే. 23 దాకా వెళ్లేముందు 21 దగ్గర ఒక మెట్టు ఉంది.

పెరంబూరు మాస్టారు
మంగళవారం, ఉదయం 5.50

అమ్మా, నలభై ఏళ్లు పాఠం చెప్పాను, ఇంత సంతోషం కలిగిన రోజులు కొన్నే.

మీ పద్దు మెట్టు ఎక్కడుందో చూపింది. కానీ ఒక సందేహం మిగులుతుంది. గుణకం పూర్ణ సంఖ్యే కానక్కరలేదు కదా, మీకు పదిహేడుంపావు వచ్చినట్టు. ఇంకెక్కడో 5040 కారణాంకాలున్న చిన్న సంఖ్య దాగి ఉండవచ్చు. దానికి కూడా చుక్క సంఖ్యలే దారి చూపుతాయి. చుక్క సంఖ్య అంటే పరిమాణానికి తగిన వెల చెల్లించాక కూడా కారణాంకాల లాభంలో ఎవరికీ ఓడని సంఖ్య. ఆ లాభం లెక్క ప్రకారం, 5040 లేదా అంతకంటే ఎక్కువ కారణాంకాలున్న సంఖ్య ఏదైనా సుమారు 23,990 కోట్లకు పైనే ఉండాలి. అంతకు కింద వెతకనవసరమే లేదు. మన సంఖ్య 29,331 కోట్లు. ఈ రెండింటి మధ్య, ఘాతాంకాలు మెట్లు దిగే సంఖ్యలను మాత్రం ఒక్కొక్కటిగా తనిఖీ చేస్తే చాలు.

తరమణి రాత్రి షిఫ్టు
మంగళవారం, ఉదయం 6.20

ఆ తనిఖీ నేను చేశాను మాస్టారూ. ఇరవై వరుసల ప్రోగ్రాం. ఎంటర్ నొక్కి టీ కప్పు అందుకునేలోపే అయిపోయింది. 29,331 కోట్ల లోపు 5040ని అందుకున్నది ఒక్కటీ లేదు. పైన 4800 ఉన్న అచ్చు వరుసే వాటన్నిటిలో పెద్దన్న.

ఇంకొకటి దొరికింది. 19 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ ఒక్కోసారి గుణిస్తే 9699690. దానితో మన సంఖ్యను భాగిస్తే 30240. ఆ 30240 నాకు తెలిసిన ముఖంలా అనిపించింది. దాని కారణాంకాలన్నీ కూడితే 120960, అంటే సరిగ్గా నాలుగు రెట్లు. దేకార్త్ పదిహేడో శతాబ్దంలో కనిపెట్టిన సంఖ్య అట.

పెరంబూరు మాస్టారు
మంగళవారం, ఉదయం 7.00

కారణాంకాల మొత్తం మాట ఎత్తావు కాబట్టి 5040 గురించి ఇంకొక్క ముక్క. సంఖ్య పెరిగేకొద్దీ దాని కారణాంకాల మొత్తం దానికి ఎన్ని రెట్లు దాకా పోగలదో చెప్పే ఒక హద్దు ఉంది. 5040కి ఆ హద్దు 3.817, అసలు మొత్తం 3.838 రెట్లు. దాటేసింది. మన 293318625600కి హద్దు 5.830, మొత్తం 5.599 రెట్లు. లోపలే ఉంది. 5040 తరువాత ఏ సంఖ్యా ఆ హద్దును దాటదని నిరూపించగలిగితే, ప్రధాన సంఖ్యల గురించి ఇంకా ఎవరూ తేల్చని రీమాన్ ఊహ నిరూపణ అయిపోయినట్టేనని 1984లో గీ రోబాన్ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు చూపించాడు. దాటే సంఖ్య ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.

ఆ రోబాన్, జాన్ లూయి నికొలా కలిసి 1997లో ఇంకో పని చేశారు. రామానుజన్ 1915 వ్యాసంలో కొంత భాగం అప్పట్లో సొసైటీకి డబ్బు ఇబ్బంది వల్ల అచ్చు కాలేదు. దాన్ని వివరణలతో సహా అచ్చు వేయించారు.

రాయపురం రైలు
మంగళవారం, ఉదయం 9.30

అలాగైతే మన పెన్సిలు మనిషి 1997 తరువాత ఎక్కడో చదివి జిరాక్సు మీద దించుకుని ఉంటాడు. ఇంత హడావిడి అవసరమా?

అరసున్న
మంగళవారం, ఉదయం 9.50

దించుకున్నవాడు సంఖ్య రాసి ఊరుకుంటాడు. ౨౧కి సున్న చుట్టడు. అది దారి వెతుక్కున్నవాడి గుర్తు.

రాయపురం రైలు
మంగళవారం, ఉదయం 10.05

సరే, ఈ ఒక్కటి మీకు వదిలేస్తున్నాను.

ఊరికే వచ్చాను
మంగళవారం, మధ్యాహ్నం 12.40

నాలుగు రోజులుగా ఊరికే చదువుతున్నాను. ఒక ప్రశ్న. పద్దులమ్మ గారు మొదట్లో పట్టిక చివర ఏదో గీత ఉందన్నారు. అది నిజంగా జిరాక్సు మచ్చేనా?

మైలాపూరు పద్దులమ్మ
మంగళవారం, రాత్రి 8.40

ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా చూశాను. మచ్చ కాదు. పెన్సిలు గీతే. చాలా వెలిసిపోయింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, దీపానికి అడ్డంగా పెట్టి చూస్తే కనిపించింది. చివరి వరుస 6746328388800 పక్కన చిన్న టిక్కు, దాని పక్కన సున్న చుట్టి ౨౩.

మళ్లీ భాగించాను. మొదట 321253732800 అనే చుక్క సంఖ్యతో వేశాను. 23 రాలేదు, 21 వచ్చింది. అక్కడ 21 మెట్టును రామానుజన్ పట్టుకున్నాడన్నమాట, పట్టిక దాని మీదే ముగిసింది. మరి ౨౩ దేనికి?

కొళత్తూరు కోమలి
మంగళవారం, రాత్రి 9.05

అక్కా, మా అమ్మాయి అరుస్తోంది. పెన్సిలు సంఖ్యను 23తో గుణించమంటోంది.

మైలాపూరు పద్దులమ్మ
మంగళవారం, రాత్రి 9.12

293318625600 × 23 = 6746328388800.

జారిపోయిన సంఖ్య ఆయన పట్టిక ఆఖరి వరుసలోనే ఉంది. ఇరవై మూడు రెట్లై.

పాపను ఆదివారం నాతో లజ్ మూలకు పంపు కోమలీ. ఆ కుప్పలో అడుగున ఇంకో రెండు బైండ్లు ఉన్నాయి, నేను తెరిచి చూడలేదు.